పద్నాలుగో మంచం

నా భార్య వరదమ్మ డాక్టరు లేక చచ్చిపోయింది. ఇందులో వాదించడానికి ఏమీ లేదు. మా ఊరి ఆసుపత్రికి డాక్టరు ఉన్నాడు. ఆ రోజు మంత్రి ధనంజయగారి శంకుస్థాపనలో ఉన్నాడు.

మంత్రిగారు దయగలవారు. ఆరేళ్లకు, 1982లో, తిరుపతిలో సభ పెట్టి ఒకటి కాదు, రెండు ప్రైవేటు మెడికల్ కాలేజీలు ప్రకటించారు. రేణిగుంట దారిలోది మంత్రిగారిది. చంద్రగిరి దారిలోది ఆయన బావమరిదిది. దాని పేరు చంద్రకాంతమ్మ స్మారక వైద్య కళాశాల. చంద్రకాంతమ్మ మంత్రిగారి అత్తగారు. ఆమె వేదిక మీదే కూర్చుని సోడా తాగుతూ ఉంది. అంత ముందుచూపు ఎవరికుంటుంది?

"ప్రజాస్వామ్యమంటే ఎంచుకునే హక్కు. ఆ హక్కు ఈ రోజు మీ గడపలోకి తెచ్చాను," అన్నారు మంత్రిగారు. చప్పట్లు కొట్టాం.

నా కూతురు పంకజాక్షికి రెండింటిలోనూ సీటు వచ్చింది. వాళ్లమ్మ పోయిన రోజు నుంచి దానికి డాక్టరు చదువు తప్ప వేరే మాట లేదు. శుక్రవారం లోపల ఏదో ఒకటి తేల్చాలి.

"యాడ చేరేది నాయనా?"

నా చదువు ఐదో తరగతి. కొండెక్కి తలనీలాలిచ్చి, స్వామీ నువ్వే చూపించు అని దణ్ణం పెట్టి దిగాను. అలిపిరి దగ్గర ఒక జీపు ఆగింది. పార్టీ కార్యకర్త తిరుమలయ్య దిగి, నా తల తడిమి చూశాడు.

"గుండు ఎప్పుడు కొట్టించినావప్పా?"

"ఈ పొద్దున."

"గంధం కూడా ఆరలేదు. శానా బాగుండాది. ఎక్కు, పులిహోర పెడతాం."

"యాడికి?"

"మెడికల్ కాలేజీకి."

స్వామి అంత తొందరగా పలుకుతాడనుకోలేదు. ఎక్కాను.

మంత్రిగారి కాలేజీ గోడల సున్నం ఇంకా తడిగా ఉంది. పెద్ద హాలు. నలభై మంచాలు, నలభై గుండ్లు. తలుపు మీద 'మెదడు శస్త్రచికిత్స విభాగం' అని బోర్డు. నాది పద్నాలుగో మంచం. ఢిల్లీ నుంచి తనిఖీ అధికారి వస్తున్నాడట. వార్డులో రోగులుంటేనే కాలేజీకి గుర్తింపట.

"లేయొద్దంట అబ్బా," అన్నాడు పక్కమంచం గురప్ప. మదనపల్లె నుంచి మొక్కు తీర్చుకోవడానికి వచ్చినవాడు. "మనల్ని ఆపరేషనుకు గొరిగినారంట."

"నొప్పి యాడని చెప్పాల?"

"గుండు యాడుంటే ఆడ."

తెల్లకోటు వేసుకుని ఒకాయన వచ్చి నా నాడి పట్టుకున్నాడు. మా ఊరి డాక్టరు. జిల్లాలోని సర్కారు డాక్టర్లను ఆ రోజుకు ప్రొఫెసర్లుగా పిలిపించారు. ఆయన్ని అంత దగ్గరగా చూడడం నాకు అదే మొదటిసారి. చెయ్యి మెత్తగా ఉంది. ఆరేళ్లు ఆలస్యంగా వచ్చింది, అంతే.

అధికారి వచ్చాడు. నలభై తలలూ చూశాడు.

"ఇంతమందికి మెదడు జబ్బా?"

"మా జిల్లాలో దాని వాడకం ఎక్కువ సార్," అన్నారు మంత్రిగారు వినయంగా.

"తల మీద ఆ పూత ఏమిటి?"

"మా రీసెర్చి సార్."

అధికారి నా దగ్గర ఆగి వచ్చీరాని తెలుగులో ఏమిటి బాధ అన్నాడు. నాకు అబద్ధం రాదు.

"రెండు కాలేజీల్లో యాది మంచిదో తేలక తల పగిలిపోతా ఉండాది సార్."

మంత్రిగారు దాన్ని ఇంగ్లీషులోకి మార్చారు. తీవ్రమైన తలనొప్పి. అధికారి రాసుకున్నాడు. డాక్టరు నా నాడి పట్టుకుని ఉండగా ఫోటో తీశారు.

పులిహోర తిన్నాక మమ్మల్ని బస్సెక్కించారు. చంద్రగిరి దారి కాలేజీలో దిగేసరికి నా మంచం లారీలో నాకంటే ముందే వచ్చి ఉంది. దిండు మీద నా గంధం మరక. పక్కన మా ఊరి డాక్టరు. అధికారి కారు రానే వచ్చింది. ఆయన వరసగా చూసుకుంటూ వచ్చి నా దగ్గర ఆగిపోయాడు.

"ఇతను పొద్దున ఆ కాలేజీలో లేడూ?"

మంత్రిగారి బావమరిది చిరునవ్వు చెరగనివ్వలేదు.

"ఉన్నాడు సార్. ఆడ నయం కాలేదు. ఈడికొచ్చినాడు."

అధికారి ముఖం విప్పారింది. ఇప్పుడెలా ఉంది అని నన్నడిగాడు.

"పూర్తిగా తగ్గిపోయింది సార్," అన్నాను. "ఇంక ఎంచుకునే పని లేదు."

మళ్లీ ఫోటో తీశారు.

రెండు కాలేజీలకూ గుర్తింపు వచ్చింది. పంకజాక్షిని రెండోదాంట్లో చేర్చాను. మా ఊరి నుంచి బస్సు నేరుగా ఉంది. మా డాక్టరు కూడా అక్కడే ప్రొఫెసరుగా స్థిరపడ్డాడు. ఊళ్లో ఆయన కుర్చీ ఇంకా ఖాళీనే.

మూడో ఏడు సెలవులకు వచ్చినప్పుడు పంకజాక్షి కాలేజీవాళ్లు అచ్చేసిన పుస్తకం ఒకటి తెచ్చింది. ఒక పేజీలో రెండు ఫోటోలు. చికిత్సకు ముందు, చికిత్స తర్వాత. రెండింటిలోనూ ఒకటే గుండు, ఒకటే దిండు, నాడి పట్టుకున్న ఒకటే చెయ్యి.

"పద్నాలుగో మంచం కేసు నాయనా. కత్తి పెట్టకుండానే మెదడులో గడ్డ కరిగిపోయిందంట. మా సారు నాడి పట్టుకోని కనిపెట్టినాడంట. పరీక్షకు తప్పకుండా వస్తాది."

అది బొమ్మ వైపు చూసింది. నా వైపు చూసింది. మళ్లీ బొమ్మ వైపు చూసింది.

"నాయనా, ఇది నువ్వు కదూ?"

"కాదు," అన్నాను. "బాగా చదువుకో."

పంకజాక్షి పెన్సిలు తీసి బొమ్మ కింద గీత గీసుకుంది. అది మళ్లీ అడగలేదు. అడిగినా చెప్పను. మీకు కూడా చెప్పడం ఇదే ఆఖరు.