పెలారి తీరంలో నౌకాదళం

మా ఆవిడ తుంటి ఎముక విరిగింది కాబట్టి గానీ, లేకపోతే నా గుట్టు నాతోపాటే సమాధిలోకి వెళ్లేది.

ఇప్పుడే నవ్వకండి. ముందు కాఫీ తాగండి, నవ్వే చోటు వచ్చినప్పుడు నేనే చెప్తాను.

నలభై ఒక్క ఏళ్ల కిందట, ఎవాంథియా నన్ను చేసుకుంటుందో లేదో తేలని రోజుల్లో, ఆమెతో ఒక చిన్న మాట అన్నాను. నేను నౌకాదళంలో గజ ఈతగాడినని. నౌకాదళంలో ఉన్నమాట నిజమే. రెండేళ్లున్నాను. ఆ రెండేళ్లూ ఒడ్డు మీది వంటశాలలో బంగాళాదుంపల తొక్క తీశాను. నేను చూసిన అతి లోతైన నీళ్లు సూప్ గిన్నెలోవి.

ఏం చెయ్యమంటారు? ఆమె సముద్రం ఒడ్డున పుట్టిన పిల్ల. నేను మన కర్డిట్సా మైదానం వాణ్ణి. ఇక్కడ తడవాలంటే వాన రావాల్సిందే.

పెళ్లయిన మొదటి వేసవిలోనే "సముద్రానికి పోదాం పద" అంది. అప్పుడు రెండో మాట అన్నాను. "ఎవాంథియా, నా ప్రాణ స్నేహితుడు జీసిమోస్ నా కళ్లముందే మునిగిపోయాడు. అప్పట్నుంచీ నేను సముద్రాన్ని చూళ్లేను."

జీసిమోస్ అనేవాడు పుట్టనే లేదు. ఎదురుగా ఉన్న బిస్కెట్ల డబ్బా మీద ఆ పేరు కనిపిస్తే చదివానంతే.

ఎవాంథియా కళ్లనిండా నీళ్లు పెట్టుకుంది. అంతటితో ఊరుకుందా? ఏటా చనిపోయినవాళ్ల శనివారం నాడు గోధుమలు ఉడికించి, దానిమ్మ గింజలూ పంచదారా కలిపి, చర్చికి పట్టుకెళ్లడం మొదలుపెట్టింది. ఫాదర్ గారు మా నాన్న పేరు చదివి, వాళ్లమ్మ పేరు చదివి, ఆ తర్వాత గంభీరంగా "జీసిమోస్" అనేవారు. నేను తల దించుకునేవాణ్ణి. వెనక బల్లమీది ఆడవాళ్లు "పాపం, ఎంత స్నేహమో!" అని ముక్కు చీదేవాళ్లు. లేనివాడికి నలభైసార్లు శ్రాద్ధం పెట్టించిన ఘనత ఈ దేశంలో నాదొక్కడిదే అనుకుంటాను.

సెలవులంటే మాకు కొండలే. జూలైలో మాత్రం ఆమె పదిహేను రోజులు వాళ్ల అక్క దగ్గరికి వెళ్లేది, ఆప్రికాట్ జామ్ పెట్టడానికి. నేను హాయిగా నా సైకిళ్లు బాగుచేసే కొట్లో కూర్చునేవాణ్ణి.

రెండేళ్ల కిందట గేటు దగ్గర మంచు మీద జారిపడింది. రెండు ఆపరేషన్లయ్యాయి. ఇప్పుడు వాకర్ పట్టుకుని నడుస్తుంది. నా మోకాళ్లు సైకిళ్ల పక్కన గొంతుక్కూర్చుని ఎప్పుడో అరిగిపోయాయి. మేమిద్దరం కలిసి వీధిలోకి వస్తే మొత్తం ఎనిమిది కాళ్లు. అందులో సరిగ్గా పనిచేసేవి వాకర్‌వి నాలుగే.

ఈ వేసవిలో ఒకరోజు పొద్దున్నే మొదలుపెట్టింది.

"పాండెలిస్, పెలారి దీవిలో ఒక కుర్చీ ఉందట."

"మనింట్లో ఆరున్నాయి."

"ఇది సముద్రంలోకి వెళ్తుంది."

"ఎందుకు, దానికేం కష్టమొచ్చింది?"

"హాస్యాలాడకు. ఒడ్డు మీంచి నీళ్లలోకి పట్టాలు వేశారట. నడవలేనివాళ్లు కూర్చుని మీట నొక్కితే అదే దింపుతుంది, అదే పైకి తెస్తుంది. డాక్టరు కూడా నీళ్లలో ఆడమన్నాడు."

"మరి నా జీసిమోస్..."

"నువ్వు చూడకు. కళ్లు మూసుకో." కాలు నిమురుకుంటూ అంది. "రెండేళ్లుగా ఈ కాలు నాది కాదయ్యా. ఎవరిదో మూట మోసుకు తిరుగుతున్నట్టుంది. నీళ్లలో బరువుండదు. ఒక్కసారి దీన్ని దింపుకుందామని."

వెళ్లాం.

పెలారిలో ఓడ దిగేటప్పుడు ఆమెని చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి, ఇద్దరు నావికులు మహారాణిలా దింపారు. నేను పుచ్చకాయల లారీ వెనక కుంటుకుంటూ దిగాను. నావికుల్లో ఒకడు "బాబాయ్, నీక్కూడా కుర్చీ కావాలా?" అన్నాడు. "అక్కర్లేదు, ఆయన నౌకాదళం!" అని మా ఆవిడ రేవంతా వినపడేలా అరిచింది.

బసకి దగ్గరే తీరం. నిజంగానే రెండు పట్టాలు, వాటి మీద నీలం కుర్చీ. పక్కనే చిన్న కొట్టు. దాన్ని నడిపే అర్గిరో అనే ఆవిడ దగ్గరే ఆ కుర్చీ రిమోట్ ఉంటుంది. నీళ్లలో నడుం లోతున ఏడుగురు ముసలమ్మలు, ఏడు గడ్డి టోపీలు. పొద్దున్న దిగినవాళ్లు మధ్యాహ్నం దాకా ఎక్కరు. అంతసేపూ ఈదరు కూడా, కబుర్లే. వాళ్లకి నేను టోపీల దండు అని పేరు పెట్టుకున్నాను. దండనాయకురాలు మెల్పో, ఎనభై నాలుగేళ్లు, ఆ కుర్చీ లేకపోతే తనకి సముద్రమే లేదు.

"మొదటిసారి దిగేవాళ్ల పక్కన ఈత వచ్చినవాళ్లొకరు నీళ్లలో ఉండాలి పిన్నీ," అంది అర్గిరో. "ఇక్కడ రూల్ అది."

"మా ఆయన గజ ఈతగాడు," అంది మా ఆవిడ.

టోపీలు ఏడూ ఒక్కసారి నావైపు తిరిగాయి.

ఆ రోజు గాలి ఎక్కువగా ఉందన్నాను. ఆకు కదలడం లేదు. మర్నాడు కడుపునిండా తిన్నానన్నాను. మూడోరోజు జెల్లీ చేపలున్నాయన్నాను. "ఎక్కడ?" అంది మెల్పో, నీళ్లలోకి తొంగి చూస్తూ. "లోపల. మా నౌకాదళం వాళ్లకి తెలుస్తుంది," అన్నాను.

ఇక సాకులు అయిపోయాయి. నాలుగోరోజు మధ్యాహ్నం దీవంతా కునుకు తీస్తుండగా, మిఠాయి డబ్బా అట్ట చింపి, పెద్దక్షరాలతో రాసి కుర్చీకి వేలాడదీశాను. "కుర్చీ చెడిపోయింది. ప్రమాధం. పైవారి ఆజ్ఞ." కింద గిలికి సంతకం కూడా పెట్టాను. ఏమీ ఎరగనట్టు వచ్చి పడుకున్నాను.

సాయంత్రానికల్లా తీరమంతా సంత. మెల్పో కర్రతో పట్టాల మీద కొడుతోంది. "పొద్దున్న బాగానే ఉందే! ఎవడా పైవాడు?" అర్గిరో పంచాయతీ ఆఫీసుకి ఫోన్ చేసింది. వాళ్లకి ఏ ఆజ్ఞా తెలియదు. కానీ తమకంటే పైవాళ్లెవరో ఇచ్చి ఉంటారని భయపడి, పక్క దీవి నుంచి మెకానిక్‌ని పంపుతామన్నారు. ఈలోగా టోపీల దండు కుర్చీ చుట్టూ చాపలు పరిచి కాపలా కూర్చుంది. అట్టని ముట్టుకోవడానికి వీల్లేదట, అది సాక్ష్యమట.

మా ఆవిడ మాత్రం వాకర్ తోసుకుంటూ వెళ్లి ఆ అట్ట దగ్గర నిలబడింది. కళ్లజోడు పెట్టుకుని చదివింది. మళ్లీ చదివింది. తిరిగొచ్చి, "పద, అన్నం తిందాం," అంది.

ఆ రోజు ఆమె చేపని కెలుకుతూ కూర్చుందే గానీ తినలేదు. రేపు పొద్దున్నే ఆ అట్ట పీకి సముద్రంలో పారేద్దామనుకున్నాను. తెల్లారగానే వెళ్లి చూస్తే చాపల మీద మెల్పో, చేతిలో కర్ర. "నౌకాదళం! నువ్వు కూడా కాపలాకి వచ్చావా? కూర్చో నాయనా," అంది. కూర్చున్నాను. నా దొంగపనికి నేనే కాపలా కాశాను.

పదింటికి మెకానిక్ వచ్చాడు. పేరు థ్రాసివూలోస్. అతణ్ణి పూర్తిగా పిలిచేలోపు సగం పని అయిపోతుంది. పట్టాలు చూశాడు, తీగలు చూశాడు, వీపు గోక్కున్నాడు.

"దీనికేం లేదే. శుభ్రంగా ఉంది."

"ప్రమాదం అని రాశారు కదా బాబూ," అంది మా ఆవిడ తియ్యగా. "ఎందుకైనా మంచిది, బరువైన మనిషినెవర్నైనా ఎక్కించి చూడు. మా ఆయనున్నాడు. ఏం జరిగినా ఈదుకుంటూ వచ్చేస్తాడు."

"భేష్!" అంది టోపీల దండు.

నేను మోకాళ్లన్నాను. కూర్చునేదే కదా అన్నారు. గుండె అన్నాను. నౌకాదళం గుండె అన్నారు. బెల్టు బిగించేశారు. కుర్చీ గుర్రుమంటూ కదిలింది. పాదాలు, పిక్కలు, మోకాళ్లు, నడుం. బొడ్డు దగ్గర నీళ్లు చల్లగా తగిలేసరికి నా నోట్లోంచి ఏదో పిల్లి కూత వచ్చింది. కుర్చీ ఆగింది.

"చాలు థ్రాసివూలోస్! బాగానే ఉంది! పైకి లాగు!"

"రిమోట్ నా దగ్గర లేదు బాబాయ్."

తల తిప్పి చూశాను. ఒడ్డున, వాకర్‌కున్న చిన్న సీటు మీద, గొడుగు కింద ఎవాంథియా కూర్చుని ఉంది. ఆమె చేతిలో రిమోట్.

"ఆ అట్ట ఎవరు కట్టారు పాండెలిస్?"

"నాకేం తెలుసు! పైవాళ్లు..."

గుర్రుమంది. జానెడు కిందికి.

"కొట్టు బోర్డు మీద నలభై ఏళ్లు నీ వత్తులు తుడిచాను. ప్రమాదానికి వత్తు పెట్టేవాడు ఈ భూమ్మీద నువ్వొక్కడివే. ఎవరు?"

"నేనే! నేనే కట్టాను! పైకి తియ్యి!"

అర జానెడు పైకి. టోపీల దండులోంచి "హవ్వ!" అని వినిపించింది.

"ఎందుకు?"

"నీ మంచికే. ఈ నీళ్లు నీ ఎముకకి..."

గుర్రుమంది. నీళ్లు చంకల దాకా వచ్చాయి.

"నాకు ఈత రాదు!" అని అరిచాను. అక్కడి మేకలు కూడా కొండ మీంచి తిరిగి చూశాయి. "ఎప్పుడూ రాదు! నేను బంగాళాదుంపలు ఒలిచాను! జీసిమోస్ లేడు! బిస్కెట్ల డబ్బా!"

మెల్పో మెల్లగా శిలువ గుర్తు వేసుకుని, "అయితే చచ్చిపోయినవాడు ఎవడు?" అంది.

"ఎవడూ లేడు మెల్పో," అంది మా ఆవిడ. "నాకు తెలుసు. పెళ్లయిన మొదటి జూలైలోనే తెలుసు. మా అక్కవాళ్ల ఊళ్లో హోటల్ నడిపే ఆయనే ఒకప్పుడు నౌకాదళం వంటశాలకి పెద్ద వంటవాడట. 'మీ ఆయన బంగాళాదుంపల పాండెలిసా! గిన్నెలు కడిగే తొట్టిలో పడి కాపాడమని అరిచినవాడేనా!' అన్నాడు."

"మరి... ఆ గోధుమలు? ఏటా చర్చిలో?"

"ఫాదర్ గారు ఆ పేరు చదివినప్పుడు నీ మొహం చూడాలి పాండెలిస్. ఏడాదంతా దానికోసమే ఎదురుచూసేదాన్ని."

చంకల లోతు నీళ్లలో కూడా నాకు చెమట పట్టింది. అయినా ఒక్కటి అడగకుండా ఉండలేకపోయాను. అది నన్ను నిజంగానే పొడుస్తోంది.

"ఎవాంథియా, నావల్ల నలభై ఏళ్లు సముద్రం లేకుండా ఉండిపోయావు కదే."

"ఉండిపోయానని ఎవరన్నారు?"

"మరి?"

"మా అక్క ఇల్లు సముద్రానికి ఇరవై అడుగులు. దానికి ఆప్రికాట్ చెట్టు ఎక్కడుందయ్యా? జామ్ బజార్లో కొని, పాత సీసాల్లోకి మార్చి తెచ్చేదాన్ని. ఏటా పదిహేను రోజులు, పొద్దున గంట, సాయంత్రం గంట. నువ్వు ఆ జామ్ నాకుతూ, మా అక్క చేతి రుచే వేరు అనేవాడివి."

టోపీలు ఏడూ పడీపడీ నవ్వాయి. థ్రాసివూలోస్ ఇసుకలో కూలబడ్డాడు. ఇదే మీరు నవ్వాల్సిన చోటు, కానివ్వండి.

నన్ను పైకి తీసి, మెల్పోని దింపాక, ఆమె తనే కుర్చీలో కూర్చుంది. పక్కన ఈతగాళ్ల రూల్ కోసం టోపీల దండు అటు నలుగురు ఇటు ముగ్గురు నిలబడింది. నీళ్లు నడుం దాటగానే బెల్టు విప్పుకుంది. కుర్చీ మీంచి జారి, ఒక్క తన్ను తన్నింది. అంతే. ఇంట్లో వంటింటి నుంచి వరండాకి పావుగంట పట్టే మనిషి, అటు పడవల దాకా వెళ్లి తిరిగొచ్చింది. నేను ఒడ్డున తువ్వాలు పట్టుకుని నిలబడ్డాను. వెల్లకిలా తేలుతూ ఆకాశంకేసి చూసి ఏదో అంది. దేవుడితో అందో, కాలితో అందో నాకు వినపడలేదు. అలాంటి మొహం నేను పెళ్లిరోజున కూడా చూడలేదు. దాన్ని ఏటా జూలైలో మా వదిన చూస్తూ వచ్చిందన్నమాట. నాకు మొదటిసారి వదిన మీద అసూయ కలిగింది.

అప్పుడే ఒడ్డు నుంచి అరిచాను. "ఎవాంథియా! నాక్కూడా నేర్పు!"

నోరు జారాను. మర్నాటి నుంచి పొద్దున ఏడింటికే టోపీల దండు బస కిటికీ కింద హాజరు. "నౌకాదళం! లే!" చేతులకి గాలి బుడగలు తొడిగారు, పసుపు రంగువి, వాటి మీద బాతు బొమ్మలు. కుర్చీలో దింపి, వెల్లకిలా పడుకోబెట్టి, మా ఆవిడ మెడ కింద చెయ్యి పెట్టింది. మిగతావాళ్లు నడుం కింద, మోకాళ్ల కింద చేతులు పెట్టారు. అరిగిపోయిన నా మోకాళ్లని అంత మర్యాదగా ఇంతవరకూ ఎవరూ పట్టుకోలేదు.

"వదలకండి," అన్నాను కళ్లు మూసుకుని.

"వదలం," అంది ఎవాంథియా.

నాలుగు రోజులు అలాగే గడిచాయి. ఐదో రోజు బుడగలు తీసేశారు. చెవుల్లో నీళ్ల చప్పుడు, మొహం మీద ఎండ. మోకాళ్లు ఉన్నాయో లేవో తెలియలేదు. ఆ మూట సంగతి ఆమె చెప్పింది నిజమే.

"పట్టుకున్నారా?" అన్నాను.

"పట్టుకున్నాం, పట్టుకున్నాం," అంది ఎవాంథియా.

కాసేపయ్యాక మళ్లీ అడిగాను. "గట్టిగా పట్టుకున్నారా?"

"గట్టిగానే!"

ఆ గొంతు ఎందుకో చాలా దూరం నుంచి వచ్చింది. కళ్లు తెరిచి తల తిప్పాను. ఎనిమిదిమందీ అల్లంత దూరంలో కుర్చీ చుట్టూ గుమిగూడి, వంకాయల్లో కూరే మాంసానికి దాల్చినచెక్క వెయ్యాలా వద్దా అని దెబ్బలాడుకుంటున్నారు. ఒక్కరి చెయ్యి కూడా నా కింద లేదు.

అంతసేపు తేలింది నేనే. అది తెలియగానే బుడుంగుమని మునిగాను. తల తిప్పకుండా ఉండాల్సింది.