స్టీఫెన్ అరవని సోమవారం

సోమవారం పొద్దున నిద్ర లేస్తూనే స్టీఫెన్ ఒక నిర్ణయానికి వచ్చాడు. దీపాలు పెట్టే వేళ దాకా ఎవరి మీదా గొంతు లేపనని దేవుడికి మాట ఇచ్చాడు. కొల్లాపూర్‌లో అతనికి మోటార్లు, ఫ్యాన్లు బాగుచేసే దుకాణం ఉంది, చర్చిలో సంఘపెద్ద హోదా ఉంది. ఊళ్లో మాత్రం ఆ రెండింటికన్నా అతని గొంతుకే పేరు ఎక్కువ. ముందురోజు పెద్దల బైబిలు తరగతిలో పాస్టరు అయ్యగారు, "వయసు పెరిగినంత మాత్రాన మనిషి పెరిగినట్టు కాదు. ఒక్కొక్కరు మీలో ఒక లోపం చూసుకొని ఈ వారం దిద్దుకోండి. ఎవరికీ చెప్పుకోవద్దు" అన్నారు. స్టీఫెన్‌కు తన లోపం వెతుక్కోవలసిన పని లేకపోయింది.

భార్య ఉమారాణి టీ తెచ్చింది. ఒక్క గుక్కలోనే తెలిసింది, చక్కెరకు బదులు ఉప్పు పడిందని. గొంతు దాకా వచ్చిన అరుపును టీతో పాటే మింగి, గ్లాసు ఖాళీ చేశాడు. వంటింట్లో తన టీ నోట్లో పోసుకున్న ఉమారాణి హడలిపోయి పరుగెత్తుకొచ్చింది.

"టీల ఉప్పు పడ్డది. నీకు తెల్వలేదా?"

"పర్వాలేదు తియ్. మంచిగనే ఉంది."

పెళ్లయిన నాటి నుంచి ఆ నోట 'మంచిగుంది' అన్న మాట ఆమె వినలేదు. పోయినేడు స్టీఫెన్ అన్నకు పక్షవాతం వచ్చినప్పుడు కూడా ముందు నాలుకకు రుచి పోయింది. ఆమె వెంటనే వెనుకింటి ఆటోడ్రైవరు గౌస్ పాషాకు ఫోన్ చేసింది.

పాషా హడావుడిగా ఆటోను వెనక్కి తెస్తూ, వాకిట్లో బాగుచేసి పెట్టిన టేబుల్ ఫ్యాను మీదికి ఎక్కించాడు. ఫ్యాను జొన్నరొట్టెలా చదునైంది. అతను దిగి, తిట్లు తినడానికి తలవంచుకుని నిలబడ్డాడు.

"పోనీ భాయ్. నువ్వు కావాల్నని జేసినవా," అన్నాడు స్టీఫెన్ బిగించిన పళ్ల మధ్య నుంచి.

పాషా ముఖం పాలిపోయింది. "వదినా, మాట గూడ ముద్దముద్దగ వస్తుంది. దవాఖానకు పోదాం."

"నాకేం కాలేదు," అన్నాడు స్టీఫెన్ నెమ్మదిగా. ఆ నెమ్మదే వాళ్లను ఇంకా భయపెట్టింది. ఇద్దరూ చెరో రెక్క పట్టుకుని ఆటో ఎక్కించారు. ఒక్క అరుపు అరిస్తే వదిలేస్తారని అతనికి తెలుసు. కానీ మాట ఇచ్చింది దేవుడికి.

మింగిన కోపమంతా ఒంట్లోనే ఉంది కాబట్టి బీపీ బాగా ఎక్కింది. డాక్టరమ్మ చూసి, ఇంటికి పంపేది లేదని మంచం మీద పడుకోబెట్టింది. కబురందుకుని అయ్యగారు వచ్చారు, వెంట సంఘమంతా వచ్చింది. మంచం చుట్టూ నిలబడి కళ్లు మూసుకున్నారు.

"ప్రభువా, ఈ నీ దాసుడు కోపిష్టే అయినా," అని మొదలైన అయ్యగారి ప్రార్థన, "అందరినీ నోటికొచ్చినట్టు అన్నా, పాటలు పాడే స్త్రీలను ఏడిపించినా," అంటూ సాగింది. ప్రతి మాటకూ సంఘం ఆమేన్ అంది. అన్నింటికన్నా గట్టి ఆమేన్ ఉమారాణిది.

స్టీఫెన్ లేచి కూర్చున్నాడు.

"చాలు అయ్యగారూ. నేనింక సావలే."

కిటికీ అద్దాలు అదిరాయి. అందరి ప్రాణం కుదుటపడింది. "అల్లా దయ, మనిషి మామూలైండు," అన్నాడు పాషా.

"నాకు రోగమేం లేదు. నిన్నటి పాఠం ప్రకారం కోపం మానిన, గంతే," అని చెప్పి, మెచ్చుకుంటారేమోనని స్టీఫెన్ చుట్టూ చూశాడు.

ఉమారాణి కొంగుతో కళ్లు తుడుచుకుంది. "నేను గూడ ఆ తరగతిల ఒకటి అనుకున్న."

"ఏంది?"

"నీకు భయపడుడు బంద్ చేయాల్నని."

ఆ తర్వాత ఆమె గొంతు లేచింది. "ఒక్క మాట చెప్తే నీ సొమ్మేం పోతుండె? పొద్దటి సంది పానం అరచేతిల పెట్టుకున్న. నా పాట బాగలేదని నలుగుర్ల అరిచి పాటల గుంపుల నుంచి మాన్పిచ్చినవ్, ఊకున్న. ఇగ ఊకోను." పెళ్లినాటి నుంచి మింగినవన్నీ ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. డాక్టరమ్మ గుమ్మం దాకా వచ్చి వెనక్కి తిరిగింది. అరవకుండా ఉండడానికి ఈసారి స్టీఫెన్‌కు నిగ్రహం అక్కర్లేకపోయింది. ఆమె చెప్పేదాంట్లో అబద్ధమేదీ అతనికి దొరకలేదు.

బీపీ దిగి డాక్టరమ్మ పంపాక, ఇంటికి వస్తుంటే అతను ముందు పాషా పక్కన ఇరుక్కుని కూర్చున్నాడు. వెనుక సీటు ఉమారాణి కోపానికే చాలలేదు.