నీళ్ళలో నీలకంఠం చొక్కా

ఉక్కు ఫ్యాక్టరీ పునాదులు లేస్తున్న రోజులవి. ఓ చలికాలపు ఆదివారం, తెల్లారీ తెల్లారగానే కంచరపాలెం నీలకంఠం సముద్రం మీదికి బయలుదేరాడు. మనిషి పోర్టు ఆఫీసులో గుమస్తా. పుట్టింది చోడవరం పక్క వరిచేల మధ్య. ఈత రాదు. అయినా ఓడల్లో వచ్చే నావికుల దగ్గర చేపలవేట చిట్కాలన్నీ చెవులారా విని, భార్య గౌరీశ్వరి వద్దని మొత్తుకున్నా వినకుండా చిన్న నావ ఒకటి కొన్నాడు. నడపడానికి జాలరిపేట వరహాలును బతిమాలాడు.

"ఒక్కపాలి వత్తాను బాబూ. కుదిరితే రోజూ ఏటకెల్దాం. కుదరకపోతే నన్నొగ్గేయండి" అన్నాడు వరహాలు. అతను కాదంటే నావ ఇసకలో కుళ్ళిపోవాల్సిందే. ఇక గౌరీశ్వరి ముందు తలెత్తుకు తిరిగే యోగం నీలకంఠానికి ఈ జన్మకు లేదు.

అందుకే వన్ టౌన్‌లో ఓడల పాతసామాను అమ్మే నజీర్ దుకాణానికి వెళ్ళి ఒక ఈలా, నారింజరంగు లైఫ్ జాకెట్లు రెండూ తెచ్చాడు. "ఇది తొడిగాక మునగాలన్నా మునగలేరు సాబ్, నీళ్ళలో నిటారుగా నిలబెడుతుంది" అని నజీర్ భరోసా ఇచ్చాడు. వరహాలు మాత్రం, "పరుపు తొడుక్కుని తెడ్డెలగెయ్యమంటారు?" అంటూ తన జాకెట్‌ను ముందురోజే నావలో పడేసి వెళ్ళిపోయాడు.

ఒడ్డు దాటగానే మంచు కమ్మేసింది. యారాడ కొండ మాయమైంది. రేవులో ఎక్కడో ఓడ ఒకటి గొంతు పూడుకుపోయినట్టు కూసి ఊరుకుంది. ఆ తర్వాత తెడ్డు చప్పుడు తప్ప ఏమీ లేదు. వెనక నిలబడి వరహాలు తెడ్డు వేస్తున్నాడు. ముందు కొసన అటు తిరిగి కూర్చున్న నీలకంఠం, ఉప్పుగాలికీ ఎండకీ మొహం మాడకుండా చిట్కా ప్రకారం పౌడరును కొబ్బరినూనెలో కలిపి, చెవులతో సహా దట్టంగా పట్టించుకున్నాడు.

అప్పుడు మంచులోంచి ఒక మనిషి వచ్చాడు.

నడుం దాకా నీళ్ళలో ఉన్నాడు. నిటారుగా ఉన్నాడు. చేతులు రెండూ చాచి ఉన్నాయి, తల ఛాతీ మీదికి వాలిపోయింది. అల లేస్తే లేస్తూ, దిగితే దిగుతూ, చడీచప్పుడూ లేకుండా నావ వైపే వస్తున్నాడు. ఒంటి మీద నారింజరంగు జాకెట్. దాని కింద గళ్ళ చొక్కా. మోచేతి దగ్గర ఎర్రగుడ్డ అతుకు.

ఆ అతుకు వేసింది గౌరీశ్వరి. దాన్ని చూసి ఆఫీసంతా నవ్వింది. 

"వరహాలూ! అది నా చొక్కా!" అంటూ నీలకంఠం వెనక్కి తిరిగాడు.

తెల్లటి ఆ మొహం చూడగానే వరహాలు చేతిలో తెడ్డు ఆగిపోయింది. చేతులు జోడించాడు. "తండ్రీ! ఎప్పుడు పడిపోయారు? నాను సూడనేదు."

"ఎవరు పడ్డారు?"

"తవరే. అదిగో, ఆ నీళ్ళలో ఉన్నారు గదా."

"మరి ఇక్కడున్నదెవరు?"

"నానెలగ సెప్పగలను? తవరికే తెలాలి."

నీలకంఠం చెంప గిల్లుకున్నాడు. చలికి మొద్దుబారిందేమో, నొప్పి తెలియలేదు. ఈల తీసి ఊదాడు. తడికి అది పలకలేదు. ఓరి భగవంతుడా, ఊపిరి కూడా లేదు!

"నీళ్ళలో పీనుగు అగుపడితే ఒగ్గేసి రాకూడదు తండ్రీ. మా ఆచారం. ఒడ్డుకి సేరుత్తాను, కోపం సెయ్యకండి" అని వరహాలు దానికి తాడు తగిలించి నావ వెనక్కి తిప్పాడు. వల నీళ్ళు చూడనే లేదు.

నీలకంఠం వెక్కి వెక్కి ఏడ్చాడు. "గౌరి వద్దంది వరహాలూ, నేనే వినలేదు. తనన్నదే నిజమని నేను ఒప్పుకున్నానని తనకి చెప్పు. నేను చెబితే వినిపించదు కదా!"

"సెప్తాను తండ్రీ. తవరు శాంతించండి."

ఒడ్డున గౌరీశ్వరి నిలబడి ఉంది. వరహాలు ఆవిడ ముందు కూలబడి, "అమ్మా, బాబుగోరు పోనారు. ఈ వచ్చింది ఆయన ఆత్మ. తవరన్నదే నిజమని సెప్పమంది" అని బావురుమన్నాడు.

గౌరీశ్వరి మొగుణ్ణి ఎగాదిగా చూసింది. "పోడమేటి, గుండ్రాయిలాగున్నారు! మొగానికా పిండేటండీ?" తర్వాత తాడు చివర చూసి ఆనందంగా అరిచింది. "అమ్మయ్య, నా దిష్టిబొమ్మ దొరికింది!"

ఆవిడ కొత్త చేనుకి దిష్టిబొమ్మ కట్టే ఇంట్లో పుట్టిన మనిషి. కొత్త నావకి దిష్టి తగలదా? నిన్న సాయంత్రం మొగుడి పాత చొక్కాలో గడ్డి కూరి, నావలో పడున్న జాకెట్ తొడిగి, ముందు కొసకు కట్టి వెళ్ళింది. దూడను కట్టే జారుముడి వేసింది. రాత్రి పోటుకు సముద్రం దాన్ని విప్పుకుపోయింది.

నీలకంఠం మళ్ళీ గిల్లుకున్నాడు. ఎండెక్కింది కాబోలు, చురుక్కుమంది. ఆ నొప్పికి ఆనందం పట్టలేక వరహాలును కావిలించుకున్నాడు. "బతికే ఉన్నాను! రేపు వస్తావా మరి?"

వరహాలు అతన్నీ, గడ్డిబొమ్మనూ మార్చి మార్చి చూశాడు. "వత్తాను బాబూ. రోజూ వత్తాను. మీరు మాత్రం ఒడ్డునే ఉండండి, ఈ బాబుని అంపండి. సిట్కాలు సెప్పడు, సచ్చిపోయానని ఏడవడు."

గౌరీశ్వరి వెంటనే ఒప్పుకుంది. నీలకంఠాన్ని ఎవరూ అడగలేదు.

ఆ ఏడు చేపలు బాగా పడ్డాయి. జాలరిపేటలో ఇప్పటికీ నీలకంఠంగారంటే ఆ బొమ్మే.