బొగ్గుల కొట్టులో ఉన్నది

గురువారం పొద్దున్న శాన్‌బోర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. మందుల షాపులో అరపూట సెలవు పెట్టాలి. ఒక పాత కీబోర్డు కొనాలి. శనివారం సాయంత్రం లైతుమ్‌ఖ్రా పేటలో బ్యాండుతో వాయించేదాకా దాన్ని అత్తగారి కంట పడకుండా దాచాలి. మొదటి రెండూ చేతిలో పనులే. మూడోదే అసలు కష్టం.

షిల్లాంగ్‌లో పెళ్ళయిన మగవాడు భార్య ఇంటికి రావడం వింత కాదు, చిన్నతనమూ కాదు. ఊరంతా ఇల్లరికమే. కానీ శాన్‌బోర్ చేసుకున్న రిదాలిన్ ఆ ఇంటికి కడగొట్టు కూతురు. ఇల్లు ఆమెకే వస్తుంది కాబట్టి వేరు కాపురం మాటే లేదు, అత్తగారు కాంగ్ మెరిల్డా కళ్ళ ముందే బతకాలి. అక్కడ గౌరవంగా ఆడవాళ్ళని 'కాంగ్' అనీ మగవాళ్ళని 'బాహ్' అనీ పిలుస్తారు. ఆవిడ అల్లుణ్ణి కోరింది ఒక్కటే: "ఆ కూతల పెట్టె నా గడప తొక్కకూడదు." కారణం లేకపోలేదు. పెళ్ళి విందులో పాస్టరుగారు కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తుండగా పెళ్ళికొడుకు మోచెయ్యి ఏదో మీటకి తగిలి, కీబోర్డు దానంతటదే డాన్సు దరువు అందుకుంది. తీగ పీకేలోపు వెనక వరసలో ఇద్దరు లేచి ఆడారు కూడా. ఆ కీబోర్డు మొన్న వానలో తడిసి చచ్చింది. కాంగ్ మెరిల్డా ఆ రోజు పండగలా పంది మాంసం వండింది.

కిట్‌బోక్ ఫోన్ చేసినప్పుడు శాన్‌బోర్ గదిలో ఒక్కడే ఉన్నాడు. కిట్‌బోక్ గిటారు వాయిస్తాడు, బ్యాండుకి పెద్ద కూడా. చెక్కగోడకి అవతల అత్తగారు వక్కలు కోస్తున్న సంగతి శాన్‌బోర్‌కి తెలియదు.

"మూడు చూశానురా," అన్నాడు శాన్‌బోర్ గొంతు తగ్గించి. "మొదటిది మరీ బరువు. మన మెట్లెక్కించాలంటే ఇద్దరు మొయ్యాలి. రెండోది సన్నగా, కొత్తగా ఉంది కానీ గొంతులో జీవం లేదు. మూడోది నల్లది, పాతికేళ్ళు దాటింది. అయితేనేం, మెత్తగా తాకితే మెత్తగా, గట్టిగా తాకితే గట్టిగా పలుకుతుంది. నా జీతానికి అదే సరిపోయేది."

"ఇంతవరకూ ఎవరి దగ్గరుంది?" అన్నాడు అవతల కిట్‌బోక్.

"చర్చి పాటల మాస్టారి దగ్గర. ఆయన కొత్తదాన్ని తెచ్చుకున్నాడు, దీన్ని వదిలించుకుంటున్నాడు. కాళ్ళే కాస్త ఊగుతున్నాయి, నేను చూసుకుంటాలే. మా అత్తకి తెలిస్తే మాత్రం నన్ను మెడపట్టి గెంటేస్తుంది."

వాళ్ళు మాట్లాడే ఖాసీ భాషలో 'కా' అనే మాట మన 'అది' లాంటిదే. ఆడమనిషికీ అదే, వస్తువుకీ అదే. గోడకి అవతల వక్కలు కోస్తున్న కత్తి ఆగిపోయింది.

మధ్యాహ్నం వాన కురుస్తుండగా శాన్‌బోర్ కీబోర్డుకి రిదాలిన్ కట్టుకునే గళ్ళ గుడ్డ చుట్టి, భుజాన వేసుకుని, పెరటి దారిన వచ్చి బొగ్గుల కొట్టులో పెట్టాడు. ధైర్యం చెప్పుకోవడానికి ఎవరూ లేక దానికే చెప్పాడు.

"రెండు రోజులు ఓర్చుకో. శనివారం నిన్ను బయటికి తీసుకెళ్తాను. అందరూ నిన్నే చూస్తారు."

పక్కింటి కాంగ్ బినోలిన్ కంచె దగ్గర ఆకుకూర కోసుకుంటోంది. ఆవిడకి తలుపులో నిలబడ్డ శాన్‌బోర్ వీపూ, లోపల గళ్ళ గుడ్డ అంచూ కనిపించాయి. అతను కాళ్ళు తుడుచుకుని ఇంట్లోకి వచ్చేలోపే ఆవిడ వంటింట్లో కూర్చుని టీ తాగుతోంది.

సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చిన రిదాలిన్ అడిగింది. "నా గళ్ళ గుడ్డ ఏది?"

"నాకేం తెలుసు?" అన్నాడు శాన్‌బోర్. ఆ మాట అంటుంటేనే చేతిలో కప్పు జారి పగిలింది. తల్లీ కూతుళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు.

శుక్రవారం ఇంట్లో ఎవరూ అతనితో మాట్లాడలేదు. రిదాలిన్ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. అతను షాపుకి బయలుదేరుతుంటే అత్తగారు గుమ్మంలో నిలబడి ఒక్క ముక్క చెప్పింది. "రేపు పదింటికి మా తమ్ముడు ప్రోగ్రెస్ వస్తున్నాడు. ఇంట్లోనే ఉండు."

ఆ ఇంట్లో మేనమామ మాటే ఆఖరి మాట. కిందటిసారి ఆయన సోహ్రా నుంచి వచ్చినప్పుడు రిదాలిన్ పెద్దక్క మొగుడు ట్రంకుపెట్టెతో సహా వాళ్ళమ్మ ఇంటికి వెళ్ళిపోయాడు, ఇప్పటికీ అక్కడే ఉన్నాడు. రిదాలిన్ లేకుండా బతకడం శాన్‌బోర్‌కి చేతకాదు. ఆమె పక్కింటికి వెళ్తేనే అతనికి తోచదు. నిజం చెప్పేద్దామని ఆ రోజు రెండుసార్లు నోరు తెరిచాడు. రెండుసార్లూ అత్తగారు తలెత్తి చూసింది. షాపులో దగ్గుమందు అడిగినవాడికి తలనూనె ఇచ్చాడు.

శనివారం పదింటికి ముందుగది నిండిపోయింది. పిన్నత్తలు ముగ్గురు, పెద్దక్క, కాంగ్ బినోలిన్, మధ్యలో బుగ్గన వక్కతో మేనమామ బాహ్ ప్రోగ్రెస్. శాన్‌బోర్‌ని ఎదురుగా చిన్న పీట మీద కూర్చోబెట్టారు.

"తెచ్చావా లేదా?" అన్నాడు మేనమామ.

"తెచ్చాను మామా."

రిదాలిన్ వెక్కి ఏడ్చింది.

"ఎన్నాళ్ళ నించి నీకీ పిచ్చి?"

"చిన్నప్పటి నించీ."

"మా పిల్లని చేసుకోకముందు నించా!"

"రిదాలిన్ సంగతి వేరు మామా. దీనితో వారానికి రెండుసార్లే. అదీ నేనొక్కణ్ణే కాదు, బ్యాండులో వాళ్ళందరూ ఉంటారు."

ఒక పిన్నత్త కుర్చీలోంచి సగం జారింది. బాహ్ ప్రోగ్రెస్ వక్క మింగేసి చాలాసేపు దగ్గాడు.

"ఇప్పుడెక్కడుంది?"

"బొగ్గుల కొట్టులో."

కాంగ్ మెరిల్డా చివాల్న లేచింది. "ఇంకా అక్కడేనా? రెండు రోజుల నించీ ఆ మసిలోనే? తిండీ తిప్పలూ లేకుండానా?"

"దానికేం అక్కర్లేదు అత్తమ్మా," అన్నాడు శాన్‌బోర్. "కరెంటు పెడితే చాలు."

"కరెంటు పెడతావా! నువ్వు మనిషివేనా?"

ఆవిడ వంటింట్లోకి వెళ్ళి పళ్ళెంలో పంది మాంసంతో వండిన జాదో అన్నం గుట్టగా పెట్టుకుని వచ్చింది. "ఎవరు కన్న బిడ్డో ఏమో. తప్పు వీడిది, దానిదేముంది," అంటూ వానలోకి నడిచింది. గొడుగులు వేసుకుని చుట్టాలంతా వెనకే నడిచారు. అందరికన్నా వెనక శాన్‌బోర్, తన ట్రంకుపెట్టె ఎక్కడుందో గుర్తు చేసుకుంటూ.

ఆవిడ కొట్టు తలుపు మెల్లగా తట్టింది. "బయటికి రా తల్లీ. భయపడకు, నిన్నెవరూ ఏమీ అనరు."

ఇంకోసారి తట్టింది.

"పాపం, మాట కూడా పడిపోయినట్టుంది," అంది కాంగ్ బినోలిన్.

కాంగ్ మెరిల్డా తలుపు తోసింది. బొగ్గు బస్తాల మీద పడుకుని ఉన్న గళ్ళ గుడ్డని ఒక చేత్తో ఎత్తింది. కింద నల్లవీ తెల్లవీ మీటలు వరసగా కనిపించాయి.

ముందుగా నవ్వింది బాహ్ ప్రోగ్రెస్. ఆయన గొడుగు వదిలేసి మరీ నవ్వాడు. రిదాలిన్ మొగుడి వీపు మీద నాలుగు గుద్దులు గుద్ది, ఆ వీపుకే మొహం ఆన్చి ఏడుస్తూ నవ్వింది. "ఇదా? ఇంతేనా? దీనికోసమా నేను మూడు పూటలు అన్నం మానేసింది?"

"పిల్లవాడు ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు," అన్నాడు మేనమామ కళ్ళు తుడుచుకుంటూ. "సాయంత్రం నేనూ వస్తాను పాటలకి."

మూడు రోజుల్లో మొదటిసారి శాన్‌బోర్ గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాడు. అప్పుడు అత్తగారి వైపు చూశాడు. ఆవిడొక్కతే నవ్వడం లేదు. పళ్ళెం చేత్తో పట్టుకుని కీబోర్డునే చూస్తోంది.

"ఆడమనిషైనా బాగుండేది," అంది కాంగ్ మెరిల్డా. "కడుపు నిండా పెట్టి, నాలుగు మంచి మాటలు చెప్పి పంపించేసేదాన్ని."