నాగన్న తెచ్చిన పొడుగాటి ఆటగాడు

శుక్రవారం పొద్దున జగదీశ్ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. బాలనాగమ్మ హోటల్లో చాయ్ తాగాలి, తన సెల్‌ఫోన్ల షాపు తెరవాలి, మూతి మీది మీసాన్ని భద్రంగా కాపాడుకోవాలి. సోమవారం అతనికి కల్వకుర్తిలో పెళ్లిచూపులు. అమ్మాయివాళ్లకు పంపిన ఫోటోలో ముఖం మొత్తాన్ని మోస్తున్నది ఆ మీసమే. అది తీసేస్తే మిగిలేది పెంకు వలిచిన కోడిగుడ్డు.

మీసం ఆపదలో పడటానికి కారణం నాగన్న. ఖిల్లా ఘణపూర్ బాస్కెట్‌బాల్ టీముకు ఓనర్ ఆయనే, ఊరి పక్కనున్న కోళ్లఫారాలకూ ఆయనే. కోర్టు కూడా ఫారం వెనక ఆయన జాగాలోనే ఉంది. టీము గెలిచి ఎన్నాళ్లయిందో ఆడేవాళ్లకే గుర్తు లేదు. అసలు ఓనర్‌కు గెలవాలని ఉందా లేదా అన్నదాని మీద బాలనాగమ్మ హోటల్లో రోజూ రచ్చ.

"గెలుపెక్కడిది? కోళ్లకు కూలర్లు పెట్టిండు, ఆడే పోరగాండ్లకు బూట్లు ఇస్తలేడు" అన్నాడు కరెంటు పనిచేసే యేసుబాబు. "జెర్సీ మీద టీము పేరు ఇంత, కోడిగుడ్డు బొమ్మ అంత!"

"నీకు తెల్వదు. ఆయన లోపల్లోపల ప్లాను చేస్తుండు" అన్నాడు జగదీశ్. ఫ్యాన్స్ సంఘానికి అధ్యక్షుడు కదా, అనక తప్పదు.

ఇలాగే మాటామాటా ముదిరి గురువారం నాడు పందెం పడింది. ఆదివారం కల్వకుర్తితో మ్యాచ్. అప్పటికి నాగన్న కొత్త ఆటగాణ్ని తెస్తే యేసుబాబు మీసం గీయించుకోవాలి, తేకపోతే జగదీశ్. సాక్షి బాలనాగమ్మ.

జగదీశ్ చాయ్ గ్లాసు నోటిదాకా వచ్చింది. అప్పుడే నాగన్న బండి హోటల్ ముందు నుంచి దూసుకుపోయింది. వెనక కూర్చున్న మనిషి మోకాళ్లు రెండువైపులా రోడ్డును ఆక్రమించాయి. అంత పొడుగు మనిషిని ఆ మండలంలో ఎవరూ చూడలేదు. బండి కోర్టు వైపు తిరిగింది.

జగదీశ్ పరుగెత్తి ఫారం గోడ మీదినుంచి తొంగిచూశాడు. పొడుగాయన తల దించుకుని కోర్టంతా అడుగులతో కొలుస్తున్నాడు. నడిమధ్యలో ఆగి అరచెయ్యి చాచాడు. చేతిలో గుండ్రంగా ఏదో ఉంది. కళ్లద్దాలు షాపులో మరచిపోయిన జగదీశ్‌కు అది బంతి కాక మరేమిటి?

"వచ్చిండు! బంతిని ఒంటిచేత్తో పట్టుకుండు!" అని ఫ్యాన్స్ గ్రూపులో వాయిస్ మెసేజ్ పెట్టాడు. అంతే. గంట తిరక్కుండా డప్పులొచ్చాయి, నాగన్న ఫ్లెక్సీ వచ్చింది. పాలాభిషేకానికని బాలనాగమ్మ హోటల్లో పాలన్నీ ఎత్తుకొచ్చారు.

"ఓరి మీ మొఖాలు మండ! ఇయ్యాల చాయ్ దేంతో పెట్టాలె?" అని ఆమె గరిటెతో సహా వెంటబడింది.

కోర్టు మధ్యలో ఫ్లెక్సీ నిలబెట్టి పాలు పోస్తుంటే ఫారంలోంచి నాగన్న బయటికి వచ్చాడు. జనాన్ని చూసి ముందు భయపడ్డాడు, తర్వాత కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. "జర సప్పుడు గాకుండ పని కానిద్దామనుకున్న. మీరు కొట్లాటకు వస్తరనుకుంటే పాలు పోస్తుండ్రు! కోళ్లకు నీళ్లు లేవురా. ఈ తిమ్మప్ప భూమిల నీళ్లు చూసేటోడు, రాయచూరు దిక్కునుంచి వచ్చిండు. కోర్టు నడిమిట్లనే బోరుకు పాయింటు వడ్డది. బోరు బండి గూడ వస్తుంది."

డప్పులు ఆగిపోయాయి. జగదీశ్ దగ్గరికెళ్లి చూశాడు. తిమ్మప్ప అరచేతిలో కొబ్బరికాయ, కింద నీళ్లున్నాయన్నట్టు నిటారుగా నిలబడి ఉంది.

"ఏందిరా అధ్యక్షా, మంగలి షాపుకు పోదమా?" అన్నాడు యేసుబాబు తన మీసం దువ్వుకుంటూ.

కోర్టు పోతే టీము పోతుంది, టీము పోతే మీసం పోతుంది, మీసంతో పాటు కల్వకుర్తి సంబంధం పోతుంది. గేటు దగ్గర బోరు లారీ హారన్ కొట్టింది. జగదీశ్ వెళ్లి తిమ్మప్ప చెయ్యి పట్టుకుని వేలాడాడు. "అన్నా, నీ కాళ్లు మొక్కుత, ఈడ నీళ్లు లెవ్వని చెప్పు!"

"స్వల్ప బిడప్పా!" అని కన్నడలో వదలమంటూ తిమ్మప్ప చెయ్యి విదిలించాడు. కాయ గాలిలోకి లేచింది. అందరి తలలూ దాంతోపాటే లేచాయి. అది కోర్టు చివరిదాకా పోయి, తిన్నగా రింగులో దూరి, కింద బండ మీద పడి రెండు చెక్కలైంది.

జనం ఈలలు వేశారు. తిమ్మప్ప మాత్రం చెప్పులు విడిచి దండం పెట్టాడు. "అయిపోయింది సావుకారీ. కాయ దేవునికి కొట్టినట్లే. ఇంగ ఈ జాగల బోరు ఎయ్యగూడదు. గోడ అవతల చూస్త."

నాగన్న ఆ మాట వినడం లేదు. రింగునూ, తిమ్మప్ప ఎత్తునూ మార్చి మార్చి చూస్తున్నాడు. "తిమ్మప్పా, ఆదివారం ఆడుతవా? పాయింటు చూసినందుకు ఇచ్చేదాంట్లనే ఆట గూడ కానిద్దం."

"చూసిండ్రా! ఆటగాణ్ని తెచ్చిండు!" అని జగదీశ్ గంతేశాడు.

"రూపాయి గూడ ఎక్స్‌ట్రా ఇయ్యలే కదరా!" అని యేసుబాబు మొత్తుకున్నాడు. తెచ్చాడా లేదా అన్నదే పందెం, ఖర్చు మాట అందులో లేదని బాలనాగమ్మ తీర్పు చెప్పింది. పాలు పోయిన కోపం ఆమెకు ఎవరి మీదో ఒకరి మీద తీరాలి. సాయంత్రానికి యేసుబాబు మూతి నున్నగా అయింది.

ఆదివారం కల్వకుర్తి వాళ్లు లారీ నిండా వచ్చారు. వాళ్లలో పెళ్లిచూపుల అమ్మాయి అన్న కూడా ఉన్నాడు, ఫోటో ఇంకా అతని కంట పడలేదు. జగదీశ్ మీసం మెలేసి, నాగన్న పక్కన నిలబడి, "మా ఓనరంటే ఏమనుకుంటుండ్రు!" అని గొంతు చించుకున్నాడు. ఈల మోగింది. తిమ్మప్పకు బంతి అందింది. దాన్ని అరచేతిలో పెట్టుకుని, చెయ్యి చాచి, కళ్లు మూసుకుని, అది ఎటైనా కదులుతుందేమోనని నిలబడిపోయాడు. కల్వకుర్తి వాళ్లు వచ్చి మర్యాదగా బంతి తీసుకుని వెళ్లారు. ఆట అయిపోయేదాకా అదే వరస. "ఎవరా మీసాలాయన, ఊకె ఎగురుతుండు?" అని అమ్మాయి అన్న పొట్ట పట్టుకుని నవ్వాడు.

సాయంత్రం మంగలి షాపు కుర్చీలో జగదీశ్ కనిపించేసరికి యేసుబాబు బిత్తరపోయాడు. "పందెం గెలిచినోనివి, నీకేం పుట్టిందిరా?"

జగదీశ్ అద్దంలోని మీసాన్ని కడసారి చూసుకున్నాడు. "రేపు వాళ్లింట్ల నన్ను గుర్తుపడితే ఎట్లరా?"