మూడుసార్లు పాసైన గుడిసె

మన కులం ఇకమీదట ఎవరి ముందూ చేయి చాచదని కులసంఘం అధ్యక్షులు గంగాధర్‌గారు పుంగనూరు బస్టాండు దగ్గర మైకులో ప్రకటించారు. లారీలు, పెట్రోలు బంకులు, గోడౌన్లు, ఆటోలు అన్నిట్లోనూ మనవాళ్ళలో బీదలకు కోటా వచ్చిందన్నారు. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టినవాడు దాసప్ప. చౌడేపల్లె రోడ్డులో బాడుగ ఆటో తోలుకునే అతనికి ఆ ఉపన్యాసంలో అర్థమైంది ఒక్కటే, సొంత ఆటో. అది 1999వ సంవత్సరం.

గంగాధర్‌గారిది పెద్ద మనసు. కులం బాగుపడాలంటే ముందు ఎవరో ఒకరు బాగుపడి చూపించాలి గదా, ఆ కష్టం తనే నెత్తినేసుకున్నారు. చిక్కల్లా ఒకటే. బీదరికం చూడ్డానికి ఆఫీసరు ఇంటికొస్తాడు, ఆయనకేమో మదనపల్లెలో మేడ ఉంది.

"నీ గుడిసె ఒగ పూట ఇయ్యి దాసప్పా," అన్నారు. "నాకు లారీ వస్తే మన కులానికంతా వచ్చినట్టే. ఆ తర్వాత నీ ఆటోనే."

దాసప్ప పెళ్ళాంబిడ్డలతో వెళ్ళి చింతతోపులో కూర్చున్నాడు. గంగాధర్‌గారు ఉంగరాలు జేబులో వేసుకుని నులకమంచం మీద మూలుగుతూ పడుకున్నారు. దాసప్ప పెళ్ళాం పాపక్కది ఒక చినిగిన చీరను ఆయన భార్య రోజా ముక్కు మూసుకుని కట్టుకుంది.

"పొద్దున్నే ఏం తింటారమ్మా?" అనడిగాడు ఆఫీసరు.

"బ్రెడ్డూ ఆమ్లెట్టూ..."

"సంగటి సార్!" గంగాధర్‌గారు లేచి కూర్చున్నారు. "ఆకలికి మతిపోయి ఏందేందో అంటాది."

ఆఫీసరు కళ్ళు తుడుచుకున్నాడు. లారీ శాంక్షనైంది.

రెండేళ్ళకు అదే గుడిసెలో ఆయన కొడుకు ప్రదీప్ బీదవాడై కుప్పంలో పెట్రోలు బంకు తెచ్చుకున్నాడు. ఆ తర్వాత అల్లుడు సాయిప్రసాద్ బీదవాడై టమోటా గోడౌన్ తెచ్చుకున్నాడు. మధ్యలో ఒక వానాకాలం దాసప్ప కప్పు మీదికి రేకులు తెస్తే గంగాధర్‌గారు కారేసుకుని పరిగెత్తుకొచ్చారు.

"రేకులేస్తే బీదరికం యాడ కనబడతాదప్పా? ఇది నీ కప్పు కాదు, కులం కప్పు!"

"వాన కులం మీద పడ్లేదు సామీ, నా బిడ్డ మీద పడతాండాది," అంది పాపక్క.

"నీ పెళ్ళానికి చైతన్యం తక్కువ," అని గంగాధర్‌గారు దాసప్పను ఓదార్చారు. రేకులు మేడ పక్కన కార్ షెడ్డుకు పనికొచ్చాయి.

చివరికి 2005లో దాసప్ప వంతు వచ్చింది. అతనికి భయమే లేదు. మూడుసార్లు పాసైన గుడిసె, నాలుగోసారి ఫెయిలవుతుందా?

చిత్తూరు నుంచి కొత్త ఆఫీసరు వచ్చాడు. లంచం ముట్టడు, రూలు తప్పడు. ఇంటి నంబరు చూసి ఫైలు తిప్పాడు, ముఖం ఎర్రబడింది.

"ఈ ఇంటివాళ్ళకు లారీ, బంకు, గోడౌన్ ఉన్నాయి. మళ్ళీ ఆటో కూడానా? బుద్ధుండాలి!"

"సార్, ఇది నా ఇల్లు."

"గంగాధర్‌గారి ఇల్లు. ముగ్గురు ఆఫీసర్లు కళ్ళారా చూసి రాశారు. ఇంతకీ నువ్వెవరు?"

దాసప్పకు ఏడుపొచ్చింది.

"ఈడ్నే ఉంటాము సార్," అంది పాపక్క.

ఆఫీసరు మెత్తబడ్డాడు. "పరాయి ఇంట్లో తలదాచుకున్నారా పాపం! మీరు బీదవాళ్ళేనని ఇంటి ఓనరు చేత రాయించుకురండి, చూద్దాం."

దాసప్ప బస్సెక్కి మదనపల్లె పోయాడు. గంగాధర్‌గారు అంతా శ్రద్ధగా విన్నారు. కండువాతో కళ్ళొత్తుకుని పెన్ను తీశారు.

"రాసిస్తానప్పా, దానికేముండాది! మనోడివి. ఇన్నేండ్లలో నిన్ను ఒగ పైసా బాడుగ అడిగినానా? అదంతా నీకు ఆటో వచ్చినాక సూసుకుందాం లే."