వరుస తప్పిన పళ్ళు

ఆ ఉదయం పళ్ళాసుపత్రి రిసెప్షనిస్టు ఒక్కటే అనుకుంది: ఇవాళ్టి నుంచి రోగుల్ని తను రాసిన కంప్యూటర్ ప్రోగ్రామే పిలవాలి. ఆమె పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకోవడం మొదలుపెట్టి మూడు వారాలైంది. కొందరు రెండేసిసార్లు పేరు రాయించుకుంటున్నారని జాబితాను సెట్‌లో పెట్టింది. సెట్ ఏ పేరునైనా ఒక్కసారే ఉంచుకుంటుంది. అది వరుస మాత్రం గుర్తుపెట్టుకోదని చెప్పిన రోజున ఆమె క్లాసుకు వెళ్ళలేదు.

గోడమీది తెర అందరికంటే చివర వచ్చిన దర్జీని మొదట పిలిచింది.

"తలుపు తియ్యకముందే వచ్చానమ్మా నేను!" అంటూ చెంప పట్టుకుని లేచాడు రిటైర్డ్ హెడ్మాస్టరు.

"ఒక్క నిమిషం మాస్టారూ," అని ఆమె ప్రోగ్రాం ఆపి మళ్ళీ నడిపింది. వరుస మారిపోయింది. ఈసారి దర్జీ అట్టడుగుకు పోయాడు.

"పిలిచి మళ్ళీ కూర్చోమంటారేంటండీ?" అన్నాడతను సగం దారిలో ఆగి. మూడోసారి నడిపితే మూడో వరుస వచ్చింది. గదంతా గోల.

"హాయిగా కాగితం మీద రాసుకోకూడదూ?" అన్నాడు హెడ్మాస్టరు.

"దీని అంతు చూసేదాకా కాగితం ముట్టను," అని ఆమె నడుం బిగించింది.

సెట్ తీసేసి, జంటలుగా దాచే డిక్షనరీ పెట్టింది: ఒకవైపు బాధ, ఇంకోవైపు మనిషి. వచ్చిన ఏడుగురిదీ పన్ను నొప్పే. అదే బాధ కింద కొత్త పేరు చేరినప్పుడల్లా పాతది చెరిగిపోయింది. ఆఖరికి మిగిలింది, ప్రోగ్రాం నడుస్తుందో లేదో చూడ్డానికి పొద్దున అదే బాధతో జాబితా చివర టైపు చేసి తియ్యడం మరిచిన పేరు: "మావారు".

సరిగ్గా అప్పుడే ఆమె మరిచిపోయిన కళ్ళజోడు పట్టుకుని భర్త వచ్చాడు. డాక్టరమ్మ తలుపు తీసి తెర చూసింది.

"మావారు... ఎవరండీ?"

"నేనేనండీ," అని ఆయన అలవాటుగా చెయ్యెత్తాడు. ఆయన లోపలికి వెళ్ళగానే తలుపు మూసుకుంది.

ఆమె కంగారుపడుతూనే కోడ్ వదల్లేదు. బాధకు బదులు టోకెన్ నంబరు పెట్టింది. ఎనిమిది పేర్లూ నిలిచాయి, హెడ్మాస్టరు మొదటే ఉన్నాడు. ఆమె కుర్చీలో వెనక్కి వాలింది.

తలుపు తెరుచుకుంది. భర్త బుగ్గలో దూది.

"మంచిపని చేశావు ఈయన్ని పంపి. ఒక పన్ను లోపలంతా పుచ్చిపోయింది, పీకేశాను," అంది డాక్టరమ్మ.

"ఎన్నాళ్ళనుంచండీ నొప్పి?" అని ఆమె భర్తను అడిగింది.

ఆయన ఐదు వేళ్ళు చూపించాడు.

"ఐదు రోజులా?"

ఆయన నేలచూపులు చూశాడు.

"నెలలా! ఇక్కడ పనిచేసే పెళ్ళానికి చెప్పడానికి నోరు రాలేదా?"

ఇప్పుడు నిజంగానే రాలేదు.

వైద్యం అయినవాళ్ళ పేరు తీసెయ్యడం ప్రోగ్రాంకు ఇంకా నేర్పలేదు కాబట్టి, ఆమె "మావారు"ని చేత్తోనే చెరిపేసింది.